అందరూ ఆరితేరిన ఆటలో లాభం ఎవరికి?

పిల్లలూ! రైతు ఒక వడ్లగింజ నాటితే కంకి నిండా గింజలు పండుతాయి. కుమ్మరి మట్టిని కుండగా మలిస్తే మట్టికి లేని విలువ కుండకు వస్తుంది. ఈ రెండు చోట్లా అంతకు ముందు లేనిది ఒకటి కొత్తగా పుట్టింది. మరి నలుగురు ఒకచోట కూర్చుని డబ్బు పెట్టి పేకాడితే ఏం పుడుతుంది? ఏమీ పుట్టదు. మొదట్లో నలుగురి దగ్గరా కలిపి 400 రూపాయలుంటే చివరన కూడా ఉండేది ఆ 400 రూపాయలే. ఒకరి జేబులోది ఇంకొకరి జేబులోకి మారుతుంది, అంతే.

అయినా 'పోకర్' అనే పేకాటను ఇంటర్నెట్‌లో ఆడి, దానినే వృత్తిగా చేసుకుని బతికినవాళ్ళు అమెరికాలోనూ, యూరపులోనూ ఉన్నారు. అది ఎలా సాధ్యమైంది? ఇరవై ఏళ్ళ కిందట సులభంగా దొరికిన లాభం తరువాత ఎందుకు కరిగిపోయింది? ఈ ప్రశ్నలకు జూదగాళ్ళకన్నా గణితశాస్త్రమే చక్కగా జవాబు చెబుతుంది. మీకు కూడికలు, గుణకారాలు, శాతాలు వస్తే చాలు.

ఆట తీరు

పేకలో 52 ముక్కలు ఉంటాయి. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అని నాలుగు జాతులు. ఒక్కొక్క జాతికి 13 ముక్కలు. పోకర్‌లో బాగా వాడుకలో ఉన్న రకం పేరు 'టెక్సాస్ హోల్డెమ్'. ఇందులో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు రహస్యంగా పంచుతారు. బల్ల మధ్యలో ఐదు ముక్కలు అందరికీ కనబడేలా విడతలుగా వేస్తారు. తన రెండూ, మధ్యలోని ఐదూ కలిపిన ఏడింటిలో ఎవరికి మంచి ఐదు ముక్కలు కుదిరితే వారిది గెలుపు.

విడత విడతకూ పందెం పెంచవచ్చు. పెంచిన పందెం నచ్చనివారు ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. మిగిలినవారందరూ తప్పుకుంటే, చేతిలో ఏమీ లేనివాడు కూడా గెలుస్తాడు. బుకాయించి గెలవడం అంటే ఇదే. ఎదుటివాడి ముక్కలు కనబడవు కాబట్టి చదరంగంలో లేని చిక్కు ఇక్కడ వచ్చిపడింది.

52 ముక్కల్లోంచి రెండు ముక్కలు ఎన్ని విధాలుగా రావచ్చు? 52ను 51తో గుణించి 2తో భాగిస్తే 1326. అందులో రెండూ ఆసులే అయ్యే విధాలు 6 మాత్రమే. అంటే 221 ఆటల్లో సగటున ఒకసారి మాత్రమే ఆసుల జత వస్తుంది. ఆ జతతో రాజుల జతను ఎదుర్కొన్నా 100కు సుమారు 82 సార్లు గెలుస్తాం, 18 సార్లు ఓడిపోతాం. అన్నిటికన్నా మంచి ముక్కలకు కూడా గెలుపు ఖాయం కాదు!

నైపుణ్యం ఎక్కడుంది?

"ముక్కలు పడటం అదృష్టమే కదా, ఇందులో నేర్పు ఏముంది?" అని మీరు అడగవచ్చు. ఒక లెక్క చూద్దాం.

మీ చేతిలో రెండు ఆఠీను ముక్కలున్నాయి. మధ్యలో పడిన నాలుగు ముక్కల్లో రెండు ఆఠీనులు. ఇంకొక్క ముక్క పడాలి. అది ఆఠీను అయితే మీకు ఒకే జాతివి ఐదు కుదిరి గెలుస్తారు, కాకపోతే ఓడిపోతారు అనుకుందాం. మీకు కనబడని ముక్కలు 46. వాటిలో ఆఠీనులు 9. అంటే అటువంటి 46 సందర్భాల్లో సగటున 9 సార్లు గెలుపు, 37 సార్లు ఓటమి.

మధ్యలో 80 రూపాయలున్నాయి. ఎదుటివాడు ఇంకో 20 వేశాడు. మొత్తం 100 అయింది. మీరు నిలబడాలంటే 20 వేయాలి. 9 గెలుపులకు వచ్చేది 900. 37 ఓటములకు పోయేది 740. మొత్తం మీద 160 లాభం. కాబట్టి నిలబడటమే సరి.

ఇప్పుడు ఎదుటివాడు 20కి బదులు 80 వేశాడనుకోండి. మధ్యలో 160 అయింది. మీరు 80 వేయాలి. 9 గెలుపులకు 1440 వస్తుంది. 37 ఓటములకు 2960 పోతుంది. నష్టం 1520. కాబట్టి తప్పుకోవడమే సరి.

చూశారా! ముక్కలు అవే, అదృష్టమూ అంతే. మారినది నిర్ణయం ఒక్కటే. ఈ లెక్క తెలిసినవాడు మొదటి సందర్భంలో నిలబడతాడు, రెండవ దానిలో తప్పుకుంటాడు. తెలియనివాడు రెండు చోట్లా ఆశతో డబ్బు వేస్తాడు. తెలియనివాడు అలా పోగొట్టుకున్నదే తెలిసినవాడికి లాభంగా వస్తుంది. ఇది తప్ప ఆ లాభానికి వేరే ఊట లేదు.

నీరు నిండిన చెరువు

డబ్బు పందెంతో ఇంటర్నెట్ పోకర్ 1998లో మొదలైంది. 2003లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రానికి చెందిన క్రిస్ మనీమేకర్ అనే లెక్కల గుమాస్తా, 100 డాలర్లకు తక్కువ రుసుముతో ఇంటర్నెట్‌లో ఒక అర్హత పోటీ ఆడాడు. అందులో నెగ్గి, లాస్ వేగాస్‌లో జరిగే ప్రపంచ పోటీకి వెళ్ళి, 25 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. ఆ ఏడు ఆ ప్రధాన పోటీలో పాల్గొన్నవారు 839 మంది. 2006 నాటికి వారి సంఖ్య 8773కు చేరింది. "అతడు గెలిచాడు, నేను గెలవలేనా?" అనుకున్నవారు అంతమంది!

ఈ కొత్తవారిలో చాలామందికి పైన చెప్పుకున్న చిన్న లెక్క కూడా తెలియదు. తెలిసినవారు కొద్దిమంది. అందుచేత ఆ రోజుల్లో ఓ మోస్తరుగా నేర్చినవాడికి కూడా లాభం వచ్చింది. చేపలు నిండిన చెరువులో వల ఎవరు వేసినా నాలుగు చేపలు పడతాయి కదా! అయితే చెరువు ఎప్పుడూ అలాగే ఉండదు. ఎందుకు ఉండదో తెలుసుకునే ముందు, ఈ ఆటలో కంటికి ఆనని మరో ఆటగాడిని చూడాలి.

చాప యజమాని

100 చింతపిక్కలు తీసుకోండి. నలుగురు పిల్లలు తలా 25 పంచుకోండి. ఐదవవాడు చాప యజమాని, అతడు ఆడడు. ప్రతి ఆటకూ తలా రెండు పిక్కలు మధ్యలో వేయండి. 8 అవుతాయి. చీటీలు తీసి ఒకరిని విజేతగా ఎంచండి. చాప యజమాని ముందుగా 1 పిక్క తీసుకుంటాడు. మిగిలిన 7 విజేతవి. ఎవరి పిక్కలైనా అయిపోతే పక్కవాడి దగ్గర బదులు తీసుకోవచ్చు.

ఇలా 50 సార్లు ఆడండి. నలుగురిలో ఎవరు ఎంత గెలిచారో ముందుగా ఎవరూ చెప్పలేరు. కాని చాప యజమాని దగ్గర ఎన్ని ఉంటాయో ఇప్పుడే చెప్పవచ్చు: సరిగ్గా 50. ఆడిన నలుగురికీ కలిపి మిగిలేవి 50 మాత్రమే. సగటున ఒక్కొక్కరికి పన్నెండున్నర.

ఇంటర్నెట్ పోకర్ నడిపే కంపెనీ ఈ చాప యజమాని వంటిది. మధ్యలో పోగైన సొమ్ములోంచి అది ప్రతి ఆటకూ కొంత కోసుకుంటుంది. చాలాచోట్ల ఇది 100కు 5 ప్రాంతంలో, ఒక గరిష్ఠ పరిమితికి లోబడి ఉంటుంది. దీనిని 'రేక్' అంటారు. మనం 'కోత' అందాం. కాబట్టి ఆటగాళ్ళందరి లాభనష్టాలూ కూడితే సున్నా రాదు. ఎప్పుడూ నష్టమే వస్తుంది.

బొమ్మా బొరుసా?

నేర్పు, అదృష్టం, కోత – ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో ఒక నాణెంతో చూద్దాం. ఒకసారి ఎగరవేస్తే 1 రూపాయి పందెం. బొమ్మ పడితే మీకు రూపాయి వస్తుంది. బొరుసు పడితే రూపాయి పోతుంది. మామూలు నాణెం 100కు సగటున 50 సార్లు బొమ్మ చూపుతుంది. మీ నేర్పు వల్ల అది 52 సార్లు పడుతుందనుకోండి. అప్పుడు 52 వస్తాయి, 48 పోతాయి. 100 సార్లకు 4 రూపాయలు, అంటే ఒక్కొక్కసారికి సగటున 4 పైసల లాభం.

అయితే ఇది సగటు మాత్రమే. 100 సార్లు ఎగరవేస్తే ఫలితం ఈ సగటుకు మామూలుగా 10 రూపాయలు అటూ ఇటూ ఊగుతుంది. 4 రూపాయల లాభానికి 10 రూపాయల ఊగిసలాట! అందుచేత నేర్పున్నవారు 100 మంది ఇలా ఆడితే సుమారు 30 మంది నష్టంతో లేస్తారు. మరి నేర్పు బొత్తిగా లేని 100 మంది మామూలు నాణెంతో ఆడితే? కోత లేకపోతే వారిలో సుమారు 46 మంది లాభంతో లేస్తారు! "నాకు ఆట వచ్చు" అని ఆ 46 మందీ నమ్ముతారు. జూదం మనిషిని మోసగించేది ఇక్కడే. కొద్ది ఆటల ఫలితం నేర్పు గురించి దాదాపు ఏమీ చెప్పదు.

10,000 సార్లు ఆడితే చిత్రం మారుతుంది. సగటు లాభం 100 రెట్లు పెరిగి 400 రూపాయలవుతుంది. ఊగిసలాట మాత్రం 100కు వర్గమూలమైన 10 రెట్లే పెరిగి 100 రూపాయలవుతుంది. ఇప్పుడు నేర్పు అదృష్టాన్ని దాటి పైకి తేలింది. ఎదురెదురుగా కూర్చుని ఆడితే గంటకు 25, 30 ఆటలకన్నా సాగవు. తెరమీద ఒక్క బల్ల దగ్గరే గంటకు 60 పైచిలుకు సాగుతాయి. కొందరు ఒకేసారి పలు బల్లల దగ్గర ఆడతారు. వృత్తిగాళ్ళు ఇంటర్నెట్‌ను ఆశ్రయించడానికి ఇదొక కారణం.

ఇక కోతను కలుపుదాం. ఒక్కొక్కసారికి మీ నుంచి 2 పైసలు కోత అనుకోండి. 4 పైసల లాభంలో 2 పోగా 2 మిగులుతాయి. మీ ప్రత్యర్థులు కాస్త నేర్చుకున్నారు. మీ బొమ్మలు 52 నుంచి 51కి తగ్గాయి. అప్పుడు సగటు లాభం 2 పైసలు, కోత 2 పైసలు; మిగిలేది సున్నా. వారు ఇంకొంచెం నేర్చుకుంటే, మీరు వారికన్నా మెరుగైనా సరే, మీకు నష్టమే!

మీ ఆట ఏమీ తగ్గలేదని గమనించండి. ఎదుటివారి ఆట పెరిగింది. పోకర్‌లో లాభాన్నిచ్చేది మీకెంత వచ్చన్నది కాదు. మీకూ ఎదుటివారికీ మధ్య ఉన్న తేడా. ఆ తేడా కోతను మించితేనే లాభం.

చెరువు ఎందుకు ఎండింది?

మొదటి కారణం: ఓడినవారు వెళ్ళిపోతారు. డబ్బు పోగొట్టుకున్న కొత్తవాడు కొన్నాళ్ళకు మానేస్తాడు. మిగిలేది గట్టివాళ్ళు. కొత్తవారు వచ్చి పడుతున్నంత కాలం ఇది బయటకు తెలియదు. అమెరికాలో 2006 అక్టోబరులో వచ్చిన ఒక చట్టం ఇటువంటి ఆటలకు బ్యాంకుల ద్వారా డబ్బు పంపడాన్ని అడ్డుకుంది. 2011 ఏప్రిల్ 15న ఆ ప్రభుత్వం పెద్ద పోకర్ కంపెనీలపై కేసులు పెట్టి, వాటి వెబ్ చిరునామాలను స్వాధీనం చేసుకుంది. దానితో అమెరికా నుంచి వచ్చే కొత్తవారి ప్రవాహానికి పెద్ద దెబ్బ తగిలింది.

రెండవ కారణం: చదువు అందరికీ అందింది. పుస్తకాలు, పాఠాల వీడియోలు వచ్చాయి. ప్రత్యర్థి ఎన్నిసార్లు పందెం పెంచాడో, ఎన్నిసార్లు తప్పుకున్నాడో లెక్కకట్టి తెరమీద చూపే ప్రోగ్రాములు వచ్చాయి. ఒకప్పుడు కొద్దిమంది రహస్యంగా దాచుకున్న లెక్కలు మామూలు పాఠాలైపోయాయి.

మూడవ కారణం: కంప్యూటర్. దీని వెనుక ఒక మంచి సిద్ధాంతం ఉంది. 'రాయి, కాగితం, కత్తెర' ఆట మీరు ఆడే ఉంటారు. మీరు ఎక్కువసార్లు రాయి చూపిస్తే ఎదుటివాడు కనిపెట్టి కాగితం చూపిస్తాడు. మీరు మూడింటినీ ఏ వరుసా లేకుండా సమానంగా చూపిస్తే? ఎంత తెలివైనవాడైనా దీర్ఘకాలంలో మిమ్మల్ని ఓడించలేడు. కాని మీరు కూడా అతడిని ఓడించలేరు. ఇద్దరు ఆడే ఇటువంటి ఆటల్లో ఎదుటివాడు ఏం చేసినా నష్టం రాకుండా కాపాడే ఒక పద్ధతి ఉంటుందని హంగరీలో పుట్టిన జాన్ ఫాన్ నాయ్‌మన్ అనే గణితవేత్త 1928లో నిరూపించాడు. 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి రాసిన గ్రంథంలో ఆయన పోకర్‌లోని బుకాయింపును కూడా లెక్కలతో వివరించాడు. బుకాయింపు కేవలం గడుసుతనం కాదు, ఇన్నిసార్లకు ఇన్నిసార్లు చేయవలసిన గణితమని అప్పుడు తేలింది.

నిజమైన పోకర్‌కు ఆ పద్ధతిని కనిపెట్టడం మనిషి చేతి లెక్కలకు లొంగలేదు. 2015లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం వారు సుమారు 4800 ప్రాసెసర్లను 68 రోజులు నడిపి, ఇద్దరు ఆడే ఒక రకం పోకర్‌ను దాదాపు పూర్తిగా సాధించారు. ఆ రకంలో పందేల మొత్తాలకు పరిమితి ఉంటుంది. 2017 జనవరిలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి 'లిబ్రేటస్' అనే ప్రోగ్రాము, పరిమితి లేని రకంలో నలుగురు వృత్తి ఆటగాళ్ళతో పిట్స్‌బర్గ్‌లో 20 రోజులపాటు తలపడి గెలిచింది. అన్ని రోజులెందుకు అంటారా? వారు ఆడినవి 1,20,000 ఆటలు. అదృష్టాన్ని వడగట్టి నేర్పును చూపాలంటే అన్ని ఆటలు కావాలని మన నాణెమే చెప్పింది కదా! 2019లో 'ప్లురిబస్' అనే ప్రోగ్రాము ఆరుగురు కూర్చునే బల్ల దగ్గర కూడా ఆరితేరిన ఆటగాళ్ళను మించింది.

2015 ప్రాంతం నుంచి ఇంటి కంప్యూటర్ మీద ఇటువంటి లెక్కలు వేసే ప్రోగ్రాములు అమ్మకానికి వచ్చాయి. వాటితో సాధన చేసినవారు ఆ లోపం లేని పద్ధతికి దగ్గరవుతూ వచ్చారు. ఇక్కడే ఒక వింత ఉంది. ఇద్దరు ఆటగాళ్ళూ లోపం లేకుండా ఆడితే ఏమవుతుంది? రాయి, కాగితం, కత్తెరలో జరిగినదే జరుగుతుంది. దీర్ఘకాలంలో ఇద్దరి లాభమూ సున్నా. ఆ సున్నాలోంచి కోత తీసేస్తే ఇద్దరికీ నష్టం, కంపెనీకి మాత్రం లాభం!

ఇంకా గెలిచేవారు ఏం చేస్తారు?

ఆట గట్టిపడ్డాక కూడా కొద్దిమంది లాభం తీశారు. వారి పద్ధతులన్నీ మన సూత్రంలోంచి వచ్చినవే: లాభం అంటే తేడాలోంచి కోత తీసివేయగా మిగిలినది.

తేడా పెరగాలంటే తమకన్నా బలహీనులున్న బల్లను వెతుక్కోవాలి. ప్రపంచంలో పదవ గొప్ప ఆటగాడైనా, మిగిలిన తొమ్మిది మందితోనే కూర్చుంటే ఓడిపోతాడు. కోత తగ్గాలంటే తక్కువ కోసే చోటు చూసుకోవాలి. ఊగిసలాటను తట్టుకోవాలంటే చేతిలో పెద్ద మొత్తం నిల్వ ఉండాలి, అందులో కొద్ది భాగంతోనే ఆడాలి. లేకపోతే నేర్పు పైకి తేలేలోపే డబ్బు అయిపోతుంది. ఓడిన కోపంతో ఆడేవాడు లెక్క తప్పుతాడు కాబట్టి అలసినప్పుడూ, మనసు చెదిరినప్పుడూ లేచిపోవాలి. ఆడిన ప్రతి ఆటనూ తరువాత చదువుకోవాలి.

ఇంత చేసినా తేడా సగానికి తగ్గితే, అదృష్టాన్ని అదే నమ్మకంతో దాటడానికి రెండు రెట్లు కాదు, నాలుగు రెట్లు ఆటలు ఆడాలి. మన నాణేన్ని, కోత సంగతి పక్కన పెట్టి, మళ్ళీ చూడండి. 52 బొమ్మలతో 10,000 సార్లకు లాభం 400, ఊగిసలాట 100. అంటే నాలుగు రెట్లు. 51 బొమ్మలతో ఆ నాలుగు రెట్ల నిష్పత్తి రావాలంటే 40,000 సార్లు ఆడాలి. అప్పుడు లాభం 800, ఊగిసలాట 200. పైగా తెర అవతల ఉన్నది మనిషో, ప్రోగ్రామో చూసి చెప్పలేం.

ఆ బలహీనుడు ఎవరో కూడా ఆలోచించండి. చెరువులో చేప అంటున్నది మనలాంటి మనిషినే. అతడు వేసే డబ్బు నెల జీతమో, ఇంటి అద్దెయో, అప్పు తెచ్చినదో కావచ్చు.

నేర్పూ, లాభమూ ఒకటేనా?

మన దేశంలో ఈ ప్రశ్న కోర్టుల దాకా వెళ్ళింది. 1968లో ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా పేర్కొంది. తరువాతి కాలంలో ఫోనుల మీద పందెపు ఆటలు వ్యాపించి, అప్పులపాలైనవారి గోడు పెరిగింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించాయి. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది.

"ఇది నైపుణ్యపు ఆట, నేర్చుకుంటే డబ్బే డబ్బు" అని ఎవరైనా మీతో అంటే రెండు ముక్కలుగా విడదీసి చూడండి. నైపుణ్యం ఉందన్నది నిజం. ఆఠీను లెక్క దానికి సాక్ష్యం. కాని నైపుణ్యం ఉన్నంత మాత్రాన లాభం వస్తుందన్నది అబద్ధం; చింతపిక్కలు దానికి సాక్ష్యం. అందరూ నేర్చుకున్నకొద్దీ పంటపొలంలో దిగుబడి పెరుగుతుంది. పేకబల్ల దగ్గర ఒకరి నేర్పు ఇంకొకరి నేర్పును కొట్టివేస్తుంది. కోత మాత్రం మిగులుతుంది.

ఈ సంభావ్యతా గణితాన్ని నేర్చుకోవడానికి డబ్బు పందెం అక్కరలేదు. కొత్త మందు పనిచేస్తోందా లేదా అని వైద్యులు వందలమందిపై పరీక్షించేదీ, భీమా సంస్థలు ప్రీమియం నిర్ణయించేదీ ఈ గణితంతోనే.

మీరే చేసి చూడండి

1. మీ తరగతిలో ఒక్కొక్కరూ నాణెం 100 సార్లు ఎగరవేసి ఎన్ని బొమ్మలు పడ్డాయో రాయండి. 50కి మించి పడినవారు ఎందరు? తరగతిలో 40 మంది ఉంటే సుమారు 18 మంది ఉండాలి. ఆ 18 మందితో మరునాడు మళ్ళీ ఎగరవేయించండి. నిన్నటి 'నేర్పు' ఈరోజు ఎందరిలో మిగిలింది?

2. ఒకడి నాణెం 100కు 53 సార్లు బొమ్మ చూపుతుంది. పందెం రూపాయి, కోత 2 పైసలు. 10,000 సార్లకు సగటున అతడికి మిగిలేదెంత? ప్రత్యర్థులు నేర్చుకుని అతడి 53ను 51కి దించితే మిగిలేదెంత? కోత ఎవరికి ఎంత ముట్టింది?

3. చింతపిక్కల ఆటలో విజేతను చీటీతో కాక, ఒక చిక్కులెక్కను ముందుగా చేసినవారిగా ఎంచండి. నలుగురిలో ఒకరు లెక్కల్లో దిట్ట అయితే పిక్కలు ఎలా కదిలాయి? నలుగురూ సమానంగా దిట్టలైతే ఎలా కదిలాయి? రెండు పట్టికలూ పక్కపక్కన రాసి పోల్చి చూడండి.